పదికి పదకొండు

"సంతకం పెట్టను బావా. ఆయన శవాన్ని చూపించమను, అప్పుడు పెడతాను."

మరదలు ఆ మాట అనేసి, ఇన్‌స్పెక్టర్ పంపిన కాగితాన్ని బల్లమీద బోర్లించి దానిమీద మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. డిటెక్టివ్ గ్లాసు ఎత్తి నీళ్ళు తాగాడు గానీ కాగితం ముట్టుకోలేదు. అందులో ఏముందో అతనికి తెలుసు. ఆమె భర్త ఒక మోటారు షెడ్డులో మెకానిక్. మూడు నెలల కిందట వంతెన మీద బండి నిలిపి, వరదనీటిలో దూకి చనిపోయాడని పోలీసులు తేల్చారు. శవం దొరకలేదు. సాయంత్రం ఐదింటికి ఫైలు మూసేస్తామనీ, అభ్యంతరం లేదని భార్య ఒక సంతకం పెడితే పని సులువవుతుందనీ ఆ కాగితం సారాంశం.

ఈ కేసులో తల దూర్చకూడదని డిటెక్టివ్ ఇన్నాళ్ళూ తప్పించుకు తిరిగాడు. ఆమె అతని మేనమామ కూతురు. ఇంట్లో పెద్దవాళ్ళంతా వాళ్ళిద్దరికీ ముడిపెట్టి మాట్లాడేవాళ్ళు. అతనూ అలాగే అనుకున్నాడు. నోరు తెరిచి అడగడానికి మంచి సమయం కోసం చూస్తూ కూర్చున్నాడు. ఈలోగా అతని స్కూటరు బాగుచెయ్యడానికి వచ్చిన మెకానిక్ వారం తిరక్కుండానే ఆమెను అడిగేశాడు, ఆమె సరేనంది. పోలీసు శాఖలో ఉన్న రోజుల్లో తోటివాళ్ళు డిటెక్టివ్‌కి నత్త అని పేరు పెట్టింది ఊరికే కాదు.

ఇప్పుడు ఈ కాగితం మీద సంతకం పడితే ఆమె ఒంటరిది. ఆ ఆలోచన అతనికి రాకపోలేదు. వచ్చినప్పుడల్లా తన మీద తనకే రోత పుట్టేది, అయినా మళ్ళీ వచ్చేది.

"సరే, మొదట్నుంచీ చెప్పు" అన్నాడు. "బండి దొరికినప్పుడు మీటరులో నలభై నాలుగు కిలోమీటర్లు ఉందట. అది ఇంటి నుంచి లెక్కేనని ఎలా చెప్పగలవు?"

"గేటు దాటేముందు ఆయన, ఆ రోజు తిరిగిన దూరం చూపే చిన్న మీటరు సున్నాకి తిప్పేవాడు. ఎప్పుడూ మానడు. వాళ్ళ నాన్న లారీ నడిపేవాడు కదా, ఆయన నుంచి వచ్చిన అలవాటు. ఎక్కడున్నా ఇల్లు ఎంత దూరంలో ఉందో తెలియాలంటాడు. రాత్రి వచ్చాక నాతో చెప్పేవాడు, ఇవాళ నీకు ఇన్ని కిలోమీటర్లు దూరంగా ఉన్నాను అని." ఆమె గ్లాసు తీసి మళ్ళీ కాగితం మీదే పెట్టింది. "నేను విసుక్కునేదాన్ని."

"ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?"

"మా ఆడపడుచుకి తెలుసు. షెడ్డులో పెద్దాయనకీ తెలుసు. అందరూ ఆటపట్టించేవాళ్ళు."

డిటెక్టివ్ పెరటివైపు చూశాడు. కిటికీలోంచి ఒక చక్రం కనిపిస్తోంది. గోడకి ఆనించి ఉంది. రిమ్ము ఒకపక్క సొట్టపోయింది.

"అదేమిటి?"

"ఆయన బండి ముందు చక్రమే. గుంతలో పడి వంకరపోయిందన్నాడు. వెళ్ళిపోయే ముందురోజు ఇక్కడే కూర్చుని వేరే బండి చక్రం బిగించాడు. నేను పానాలు అందించాను."

"వేరే బండి చక్రమా?"

"ఎవరిదో పాతసామాన్లలో దొరికిందట. కొంచెం చిన్నది. మీటరు తిప్పే బిళ్ళ దానికి పట్టదు. బిళ్ళకి రెండు చెవులుంటాయి బావా, అవి చక్రంలో గాడుల్లో కూర్చుంటేనే తిరుగుతుంది. ఈ చక్రానికి గాడులే లేవు. పగలంతా ఆకురాయి పెట్టి రాకి గాడులు చేశాడు. ఇరుసు సన్నమైందని ఇత్తడి బుష్షు ఒకటి దూర్చాడు. చివరికి తిరిగింది, కానీ కీచురాయిలా ఒకటే కిచకిచ." ఆమె మొదటిసారి నవ్వింది. "మీటరు ఇప్పుడు అబద్ధాలాడుతుందన్నాడు. నీకు నిజంగా ఉన్నదానికన్నా ఎక్కువ దూరమైపోయానని చూపిస్తుంది, ఒక గేరు చేసి దాని నోరు మూయిస్తాలే అన్నాడు."

డిటెక్టివ్ లేచాడు. నత్త అంత చురుగ్గా లేవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఈ చక్రం తీసుకెళ్తున్నాను. ఆ కాగితం అలాగే బోర్లించి ఉంచు."

*

పోలీస్ స్టేషన్ వెనక దొడ్లో పట్టుబడ్డ బండ్లన్నీ దుమ్ము కొట్టుకుని నిలబడి ఉన్నాయి. స్కూటరు మీద సొట్ట చక్రం కట్టుకుని వచ్చిన డిటెక్టివ్‌ని చూసి ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఏ కేసైనా ఇట్టే తేల్చేస్తాడని ఇన్‌స్పెక్టర్‌కి ఎక్స్‌ప్రెస్ అని పేరు. ఆ పేరు వింటే అతను పొంగిపోతాడు. దానికి నవ్వేవాళ్ళు కూడా ఉన్నారని అతని దాకా రాలేదు.

"రా నత్తా. ఐదింటికి ఫైలు మూస్తున్నాను. నీకు స్కూటరు దిగేసరికే ఐదవుతుందేమో."

"నలభై నాలుగుకి నీ లెక్కేమిటో ఒకసారి చెప్పు."

"చంటిపిల్లాడికైనా తెలిసే లెక్క. ఇంటి నుంచి వంతెనకి నలభై. దారిలో ముప్పై దగ్గర మలుపు. అక్కడి నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి వెళితే వాళ్ళక్క ఇల్లు. వెళ్ళడానికి రెండు, రావడానికి రెండు. ఆవిడే చెప్పింది, తమ్ముడు బండి మీద వచ్చాడు, బతకాలని లేదని ఏడ్చాడు, వెళ్ళిపోయాడు అని. నాలుగు కిలోమీటర్లు ఎక్కువ ఎందుకున్నాయా అని నేను బుర్ర బద్దలు కొట్టుకుంటుంటే ఆవిడ మాటతో చిక్కుముడి విడిపోయింది."

"అడిగింది నువ్వే కదా, ఆ నాలుగు ఎక్కడివి అని?"

"నేనే అడిగాను. అయితే?"

డిటెక్టివ్ మెకానిక్ బండి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మరదలు చెప్పినవన్నీ అక్కడే ఉన్నాయి. కేబులు పాతదే, మీటరు తిప్పే బిళ్ళా పాతదే. హబ్బులో చేత్తో రాకిన రెండు గాడులు, వాటి అంచుల మీద ఆకురాయి గీతలు. ఇరుసు చుట్టూ ఇత్తడి బుష్షు, దాని పక్కన సందు పూడ్చడానికి రెండు వాషర్లు. పనివాడి చెయ్యి నెమ్మదైనదని చూస్తేనే తెలుస్తోంది. మర్నాడు చచ్చిపోదామనుకున్నవాడు గాడి అంచులు ఇంత నున్నగా రుద్దడు అనుకున్నాడు డిటెక్టివ్. కానీ అది రుజువు కాదు.

"కానిస్టేబుల్‌గారూ, సుద్దముక్క ఉందా?"

దొడ్డి గోడ దగ్గర గీత గీశారు. సొట్ట చక్రాన్ని గీత మీద నిలబెట్టి, గాలిగొట్టం దగ్గర సుద్దతో గుర్తు పెట్టి దొర్లించారు. అది తాగినవాడిలా ఊగుతూ నడిచింది. కానిస్టేబుల్ పెద్దగా లెక్కపెట్టాడు. పది చుట్లు పూర్తయిన చోట రెండో గీత గీశారు. తర్వాత మెకానిక్ బండిని మొదటి గీత మీద పెట్టి నెట్టారు. పది చుట్లయ్యాయి. బండి రెండో గీతకి ఇవతలే ఆగింది.

"ఇంకొకటి" అన్నాడు డిటెక్టివ్.

పదకొండో చుట్టుకి చక్రం గీత మీదికి వచ్చి కూర్చుంది. ఇన్‌స్పెక్టర్ నవ్వు ఆపేశాడు.

"మీటరుకి కిలోమీటర్లు తెలియవు గురూ, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో అదే తెలుసు. పెద్ద చక్రం పది తిరిగే చోట ఈ చిన్నది పదకొండు తిరుగుతుంది. పది కిలోమీటర్లు పోతే ఈ మీటరు పదకొండంటుంది. నలభై పోతే?"

"నలభై నాలుగు" అన్నాడు కానిస్టేబుల్, ఆపుకోలేక. ఇన్‌స్పెక్టర్ చూసిన చూపుకి వెంటనే నోరు మూసుకున్నాడు.

"ఇంటి నుంచి వంతెన దాకా తిన్నగా వెళ్ళాడు. మలుపు తిరగనేలేదు. ఆ బండి వాళ్ళక్క గుమ్మం తొక్కలేదు. మరి ఆవిడ ఎందుకలా చెప్పింది? చక్రం మారిన సంగతి ఆవిడకి తెలియదు కాబట్టి. నువ్వు నాలుగు కిలోమీటర్లకి కారణం అడిగావు, ఆవిడ కారణం ఇచ్చింది."

ఇన్‌స్పెక్టర్ రెండో గీతని బూటుతో రుద్దాడు. ఓడిపోయినప్పుడు అతనికి నోటిదూల ఎక్కువ.

"నాకర్థం కానిది ఒక్కటే. ఈ ఫైలు మూస్తే బాగుపడేది నువ్వే కదా. నీ మరదలి కోసం నువ్వెంత ఎదురుచూశావో ఈ శాఖలో తెలియనివాళ్ళు లేరు. కాలదన్నుకుంటున్నావెందుకు?"

దొడ్లో అందరూ వింటున్నారు. డిటెక్టివ్‌కి చెవులు వేడెక్కాయి.

"ఆమె ఇంకా రెండు కంచాలు పెడుతోంది" అన్నాడు. "అది చూస్తూ కూర్చోలేను."

ఇన్‌స్పెక్టర్ ఫైలు చంకలో పెట్టుకున్నాడు. "రేపటి దాకా ఆగుతాను. రేపు కూడా ఇలా చక్రాలు దొర్లిస్తానంటే మాత్రం కుదరదు."

గోడవార బెంచీ మీద ఇంతసేపూ కూర్చున్న ముసలాయన అప్పుడు లేచి దగ్గరికి వచ్చాడు. మెకానిక్ పనిచేసిన షెడ్డు యజమాని ఆయనే. అందరూ పెద్దాయన అంటారు. వారానికోసారి స్టేషన్‌కి వచ్చి ఏమైనా తెలిసిందా అని అడిగి వెళతాడని కానిస్టేబుల్ చెప్పాడు. ఫైలు మూశాక బండి ఇప్పిస్తే మావాడి గుర్తుగా షెడ్డులో పెట్టుకుంటానని కూడా అడిగాడట.

"అయితే మావాడు బతికే ఉన్నాడంటారా బాబూ?"

ఆ గొంతులో వణుకు విని డిటెక్టివ్ మనసు కరిగింది. ఈ మనిషి కోసం ఎదురుచూసేవాళ్ళు ఇంకొకరున్నారన్నమాట అనుకున్నాడు.

"ఇప్పుడే చెప్పలేను పెద్దాయనా. కానీ వాళ్ళక్కకి మాత్రం ఏదో తెలుసు. అక్కడికే వెళుతున్నాను."

పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

స్కూటరు తీస్తూ మరదలికి ఫోను చేద్దామనుకున్నాడు డిటెక్టివ్. నంబరు దాకా వెళ్ళి ఆగిపోయాడు. ఆశ పెట్టి తర్వాత కాదంటే ఆమె తట్టుకోలేదు, అంతా రూఢి అయ్యాకే చెబుదాం అని సర్దిచెప్పుకున్నాడు. ఇంకొక్క పూట ఆమె ఎవరికీ చెందకుండా ఉండాలన్న కోరిక కూడా అందులో లేకపోలేదు. ఫోను జేబులో వేసుకున్నాడు.

*

మెకానిక్ అక్క కుట్టుపని చేస్తుంది. ముందుగదిలో మిషను, దాని చుట్టూ బడిపిల్లల చొక్కాల గుట్ట. వెనక వంటగది, పక్కన అటక మీదికి నిచ్చెన. ఆమె భర్త పోయి చాలా కాలమైంది, ఒక్కతే ఉంటుంది. డిటెక్టివ్‌ని కూర్చోమంది గానీ మిషను తొక్కడం ఆపలేదు.

"ఇంకెన్నిసార్లు చెప్పాలి బాబూ? వాడు వచ్చాడు, ఏడ్చాడు, వెళ్ళాడు."

"బండి మీదే వచ్చాడా అక్కగారూ?"

"బండి మీదే. వీధి చివర ఉండగానే వాడి బండి చప్పుడు పోల్చుకుంటాను."

"ఆ రోజు చప్పుడులో తేడా ఏమైనా ఉందా?"

"ఏం తేడా? ఎప్పటిలాగే ఉంది."

"ముందు చక్రం దగ్గర కిచకిచ వినబడలేదా?"

మిషను ఆగింది. ఆమె దారం తెంపి, మళ్ళీ సూదిలో ఎక్కించబోయింది. దారం సూదికన్ను పక్కనుంచి పోతోంది. డిటెక్టివ్ ఆమెను తొందరపెట్టలేదు. ఎదురుగా కిటికీ గట్టు మీద పరిచిన కాగితం చూస్తున్నాడు. దాని మడతలో పసుప్పచ్చటి పొడి మెరుస్తోంది. లేచి వేలితో అద్దాడు. ఇత్తడి రజను. కాగితం కింద రెండు చిన్న చక్రాలున్నాయి, చేత్తో రాకి పళ్ళు తీసినవి. ఒకటి పూర్తయింది. రెండోదానికి ఇంకా కొన్ని పళ్ళు తియ్యాలి. పూర్తయినదానికి పది పళ్ళు. రెండోదాని మీద గీసిపెట్టుకున్న గుర్తులు పదకొండు.

డిటెక్టివ్ అవి అరచేతిలో పెట్టుకుని పళ్ళు మళ్ళీ లెక్కపెట్టాడు. అబద్ధమాడే మీటరు నోరు మూయించే గేరు. ఈ ఇంట్లో ఎవడో ఒకడు దాక్కుని, ఇంటికి ఎంత దూరమో సరిగ్గా తెలియాలని పూటపూటా ఇత్తడి రాకుతున్నాడు. అలాంటి పని చేసేవాడు ప్రపంచంలో ఒక్కడే. తను పోగొట్టుకున్నది ఎలాంటివాడి చేతిలో పడిందో అతనికి ఇన్నాళ్ళకి తెలిసింది. అసూయ పడదామన్నా కుదరలేదు.

"చొక్కా గుండీలకి ఇత్తడి రాకుతారా అక్కగారూ?"

ఆమె తలుపు గడియ వేసి వచ్చి నేల మీదే కూలబడింది.

"నేను చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు బాబూ. వాడు వచ్చాడు. బండి మీద రాలేదు, అంతే. బండి వంతెన మీద వదిలేసి, తెల్లారేలోగా నడిచి వచ్చాడు."

"భార్యకి ఒక్కమాట చెప్పకుండానా? ఆమె అక్కడ చచ్చి బతుకుతోంది."

"చెబితే ఆ పిల్ల ముఖంలో తెలిసిపోతుంది. దానికి నిజం దాచడం రాదు. అది ఏడిస్తేనే లోకం నమ్ముతుందన్నాను నేను. పాపం నాదే. వాడు రోజూ అడిగేది ఒక్కటే, అది తిందో లేదో అని." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాడు బతికుండాలంటే వాడు చచ్చినట్టే ఉండాలి."

"ఎవరి నుంచి?"

"షెడ్డుకి ముందుభాగం పగిలిన కారు ఒకటి వచ్చింది. వీడే సరిచేశాడు. తర్వాత తెలిసింది, అది ఎవరినో గుద్ది చంపి వచ్చిన కారని. పోలీసులకి చెబుతానన్నాడు. రెండు రోజులు తిరక్కుండా వెనకనుంచి వచ్చి వీడి బండిని గుద్ది రోడ్డు పక్క రాయి మీదికి తోశారు. చక్రం వంకరపోయింది గుంతలో పడి కాదు. పెళ్ళానికి అలా చెప్పాడు, భయపడుతుందని."

"ఆ కారు ఎవరిది?"

"పెద్దాయన కొడుకుది. స్టేషన్ చుట్టూ అందుకే తిరుగుతున్నాడు. ఫైలు మూసేస్తే ఆయన నిశ్చింతగా ఉంటాడు, వీణ్ణి దూరంగా ఎక్కడికైనా పంపి తర్వాత పిల్లని పంపుదామనుకున్నాను. ఆయన చెవిన మాత్రం పడకూడదు బాబూ, మీకు దణ్ణం పెడతాను."

స్టేషన్ దొడ్డి, సుద్దగీతలు, వణికిన ఆ గొంతు అతనికి గుర్తుకొచ్చాయి. వాళ్ళక్కకి ఏదో తెలుసు అని తను తన నోటితోనే చెప్పాడు. మెకానిక్‌కి ఇప్పుడు ఏమైనా జరిగితే అది తన తెలివితేటల పుణ్యమే. కావాలనే చేశాడని లోకం అంటుంది. మరదలు అనకపోవచ్చు, కానీ ఒక్కసారైనా అలా చూస్తుంది.

జేబులోంచి ఫోను లాగి ఆమె నంబరు నొక్కాడు. ఇన్‌స్పెక్టర్‌కి తర్వాత చేయవచ్చు, ముందు ఆమెను తలుపు వేసుకోమనాలి. రెండో రింగుకే ఆమె ఎత్తింది. ఇన్ని నెలల్లో అతను వినని గొంతు అది, పెళ్ళికి ముందటి గొంతు.

"బావా, ఆయన బతికే ఉన్నాడట కదా. నువ్వే తేల్చావట కదా. నాకెందుకు చెప్పలేదు?"

"ఎవరన్నారు?"

"పెద్దాయన వచ్చారు. పాపం ఆయనే కారులో తీసుకొస్తున్నారు. వాళ్ళబ్బాయి నడుపుతున్నాడు. వదిన దగ్గరికే వస్తున్నాం. నేను అడిగితే వదిన కాదనలేదు కదా, నాకు చెప్పేస్తుంది."

వెనక కారు ఇంజను మోత వినబడుతోంది. ఆమె పక్కనే వాళ్ళున్నారు. ఇక్కడినుంచి గట్టిగా అన్న ప్రతి మాటా వాళ్ళకి వినబడుతుంది.

"ఎంత దూరంలో ఉన్నారు?" అన్నాడు డిటెక్టివ్, గొంతు మామూలుగా ఉంచడానికి ప్రయత్నిస్తూ.

ఆమె నవ్వింది. "గేటు దగ్గరే చిన్న మీటరు సున్నా చేయించాను బావా. ఆయన చూస్తే సంతోషిస్తాడని. ఇప్పుడు ఇరవై ఎనిమిది."

నిచ్చెన కిర్రుమంది. డిటెక్టివ్ తల తిప్పాడు. గడ్డం మాసిన మనిషి సగం మెట్ల మీద నిలబడి, చేతిలో ఆకురాయితో, ఫోను వంకే చూస్తున్నాడు. ఫోనులోంచి సన్నగా వస్తున్న ఆ గొంతు తప్ప ఈ గదిలో ఇంకేమీ అతనికి పట్టినట్టు లేదు. మిగతా మెట్లు దిగి వచ్చి చెయ్యి చాపాడు.

"ఒక్కమాట మాట్లాడనివ్వు అన్నయ్యా" అన్నాడు గుసగుసగా. "ఒక్కమాట."

డిటెక్టివ్ ఫోను మీద అరచెయ్యి మూసి, తల అడ్డంగా ఊపాడు. ఊపడానికి అతనికి చాలా బలం కావలసి వచ్చింది. మెకానిక్ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. అక్క లేచి కిటికీ రెక్కలు మూసింది.

అరచెయ్యి కిందనుంచి ఆమె గొంతు మళ్ళీ వినబడింది.

"ముప్పై బావా. మలుపు తిరుగుతున్నాం."